వ్యాయామానికి కొలత నేర్పిన వైద్యుడు – హకీం ఇబ్నె సీనా

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు చెప్పిన సామెత ధనాన్ని గూర్చినది. శరీరం విషయంలోనూ అది అక్షరాలా నిజం. వాడని కత్తికి తుప్పు పట్టినట్లు వాడని కండ కరిగిపోతుంది, కదలని కీలు బిగిసిపోతుంది. మన రాయలసీమలో ఎవరికైనా ఎముక విరిగితే ఆసుపత్రికో, పుత్తూరు కట్టుకో తీసుకొనిపోవడం పరిపాటి. కట్టు విప్పిన నాడు ఎముక అతికినదని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కాని మోకాలు వంగదు, మోచేయి చాచుకోదు. పక్షవాతం సోకిన పెద్దాయనను మంచం దిగనీయక, అన్నం కలిపి నోటికందిస్తూ సాకడమే సేవ అనుకుంటాము. ఆ సేవలోనే ఆరు నెలలు గడిచేసరికి చేయి కొయ్యబారిపోతుంది. మరొక వైపు, తాలింఖానాలో అడుగుపెట్టిన తొలినాడే శక్తికి మించిన బరువెత్తి నడుము పట్టించుకొనే యువకులున్నారు. ఒకరు కదలక చెడినారు, మరొకరు మితిమీరి కదలి చెడినారు. ఇద్దరికీ కొరవడినది ఒక్కటే, అది కొలత.

ఈ కొలతనే శాస్త్రంగా మలచుకొన్నది నేటి ఫిజియోథెరపీ. దానిలో ప్రధానమైన భాగం వ్యాయామ చికిత్స. ఏ రోగికి ఏ కదలిక తగును, ఎంత బలంతో, ఎంతసేపు, ఎన్ని మారులు, ఎప్పుడు ఆపవలెను, ఎప్పుడు పెంచవలెను అన్నవి ఆ శాస్త్రపు మూల ప్రశ్నలు. ఇవి నిన్న మొన్న పుట్టిన ప్రశ్నలని మన విద్యార్థులు భావించవచ్చు. వేయి సంవత్సరాల క్రితమే బుఖారా ప్రాంతంలో పుట్టిన ఒక మేధావి ఈ ప్రశ్నలకు వరుసగా సమాధానాలు వ్రాసి పెట్టినాడు. మన పెద్దలు బూ అలీ సీనా అనీ, షేఖుర్రయీస్ అనీ గౌరవంగా పిలుచుకొనే హకీం ఇబ్నె సీనాయే ఆయన. ఆయన జీవితాన్ని, ఆయన చెప్పిన కొలతను పక్కపక్కన పెట్టి పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం. ఆ రెండింటి మధ్య ఒక విషాదకరమైన దూరం ఉన్నది. మా దృష్టిలో ఆ దూరం కూడా ఒక పాఠమే.

ఇబ్నె సీనా క్రీ.శ. 980లో, అనగా హిజ్రీ 370లో, బుఖారాకు సమీపాన గల అఫ్షనా గ్రామంలో జన్మించినాడు. నేడు బుఖారా ఉజ్బెకిస్తాన్ దేశంలో ఉన్నది. తండ్రి అబ్దుల్లా బల్ఖ్ నగరానికి చెందినవాడు. సామానీ రాజుల కొలువులో ఒక ప్రాంతానికి అధికారిగా ఉండేవాడు. తల్లి పేరు సితారా. కుమారుని చదువు కొరకు ఆ కుటుంబం బుఖారాకు తరలివచ్చినది. పదేళ్ళ ప్రాయానికే బాలుడు పవిత్ర ఖురాన్‌ను, సాహిత్యంలో చాలా భాగాన్ని నేర్చుకున్నాడు.

ఆ బాల్యంలో మన దేశానికి సంబంధించిన ఒక విశేషమున్నది. తండ్రి తన కుమారుని ఒక కూరగాయల వర్తకుని వద్దకు పంపినాడు. ఆ వర్తకునికి భారతీయ గణితం, అనగా మన దేశపు అంకెలతో లెక్కించే పద్ధతి, బాగుగా తెలియును. ప్రపంచానికి గురువు కాబోయే బాలుడు అంగడిలో కూర్చుని మన లెక్కలు నేర్చుకున్నాడు. జ్ఞానం ఎక్కడ దొరికితే అక్కడికి పోవలెనన్న ఆదర్శానికి ఇంతకు మించిన ఉదాహరణ మాకు కనిపించదు.

తరువాత నాతిలీ అనే పండితుడు వారి ఇంటికి వచ్చి తర్కం, రేఖాగణితం, ఖగోళశాస్త్రం బోధించినాడు. కొంతకాలానికే శిష్యుడు గురువును దాటిపోయినాడు. అటుపిమ్మట వైద్యం వైపు మరలినాడు. వైద్యం తనకు కష్టమైన విద్యగా తోచలేదని ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. పదహారేళ్ళ వయసుకే పేరున్న వైద్యులు ఆయన వద్దకు వచ్చి చదువుకొనేవారు. పుస్తకాలతో తృప్తిపడక రోగులను స్వయంగా పరీక్షించి, అనుభవం వల్ల మాత్రమే తెలిసే చికిత్సా రహస్యాలు గ్రహించినాడు. చిక్కు ప్రశ్న ఎదురైనప్పుడు మసీదుకు పోయి నమాజు చేసి, మరల దీపం ముందు కూర్చొనేవాడు. అరిస్టాటిల్ తత్త్వగ్రంథాన్ని నలభై మారులు చదివినా అర్థం కాక నిరాశపడినాడు. ఒకనాడు పుస్తకాల అంగళ్ళలో మూడు దిర్హములకు దొరికిన ఫారాబీ గ్రంథం చదివిన తరువాతనే దాని ఆంతర్యం బోధపడినది. ఆ సంతోషంతో మరునాడు పేదలకు దానం చేసినాడు.

సామానీ ప్రభువు నూహ్ బిన్ మన్సూర్‌కు జబ్బు చేసినప్పుడు ఆస్థాన వైద్యులు ఈ యువకుని పిలిపించినారు. ఆ చికిత్సలో పాలుపంచుకున్నందుకు ప్రతిఫలంగా ఆయన కోరుకున్నది రాజ గ్రంథాలయంలో ప్రవేశం. ఒక్కొక్క శాస్త్రానికి ఒక్కొక్క గది ఉన్న ఆ గ్రంథాలయం ఆయనకు విశ్వవిద్యాలయమైనది. పద్దెనిమిదేళ్ళు నిండేసరికి తన కాలపు శాస్త్రాలన్నింటినీ చదివి ముగించినాడు.

ఇంతవరకు సుఖంగా సాగిన జీవితం ఆపైన సంచారమైనది. 999లో సామానీ రాజ్యం కూలిపోయినది. తండ్రి మరణించినాడు. అవసరం తనను తరిమినదని మాత్రమే చెప్పుకొని ఇబ్నె సీనా బుఖారాను విడిచినాడు. ఖ్వారిజ్మ్ ప్రాంతపు గుర్గాంజ్‌లో కొంతకాలం కొలువు చేసి, అక్కడి నుండి ఊరూరు తిరిగి కాస్పియన్ సముద్రానికి ఆగ్నేయ దిశన గల జుర్జాన్ చేరినాడు. ఆశ్రయమిస్తాడనుకున్న ప్రభువు ఖాబూస్ అప్పటికే పదవి కోల్పోయి చనిపోయినాడు. అయితే అక్కడనే జూజ్జానీ అనే శిష్యుడు లభించినాడు. ఇరువది అయిదేళ్ళ పాటు గురువును నీడవలె అనుసరించి, గురువు చెప్పగా ఆయన జీవిత కథను వ్రాసుకొని, మిగిలిన భాగాన్ని తానే పూరించిన ధన్యుడు ఈ జూజ్జానీ. మనకు తెలిసినదంతా చాలవరకు అతని చలవే.

జుర్జాన్‌లోనే ఇబ్నె సీనా తన వైద్య మహాగ్రంథం అల్ ఖానూన్ ఫిత్తిబ్‌ను ఆరంభించినాడు. ఖానూన్ అనగా చట్టం, నియమం. ఆ గ్రంథం అయిదు భాగాలు. మొదటిది వైద్యశాస్త్ర సామాన్య సూత్రాలు, రెండవది ఏకమూలికలు, మూడవది తల నుండి పాదం వరకు అవయవాల వారీగా వ్యాధులు, నాలుగవది జ్వరాలు, గాయాలు, ఎముకల విరుగుళ్ళు మొదలైనవి, అయిదవది మిశ్రమౌషధాలు. మన విషయానికి ముఖ్యమైనది మొదటి భాగం. అందులో ఆరోగ్య పరిరక్షణను గూర్చిన అధ్యాయాలలో వ్యాయామానికి ఆయన పెద్దపీట వేసినాడు. అరబ్బీలోనూ ఉర్దూలోనూ రియాజత్ అన్న మాట ఈ అర్థంలోనే వాడబడుతున్నది. గాయకుడు గొంతుకు చేసే సాధననూ, మల్లుడు దేహానికి చేసే సాధననూ మనవారు ఒకే మాటతో రియాజ్ అంటారు.

ఆ రియాజత్‌ను ఆయన ఎట్లు నిర్వచించినాడో విద్యార్థులు గమనింపవలెను. మనిషి తన ఇచ్ఛతో చేసేది, శ్వాస లోతుగా, వడిగా సాగేటట్లు చేసేది అయిన కదలికే ఆయన దృష్టిలో వ్యాయామం. ఇందులో రెండు షరతులున్నవి. ఒకటి సంకల్పం, రెండవది ఊపిరిలో మార్పు. ఊరక చేయి ఆడించడం వ్యాయామం కాదు. బరువైన ఇంటి పనిలో, పొలం పనిలో ఉన్న శ్రమ వేరు, కేవలం వ్యాయామం కొరకే చేసే శ్రమ వేరు అని కూడా ఆయన విడదీసినాడు. మనిషి ఎంత కష్టపడుతున్నాడో తెలుసుకొనుటకు నేటి వైద్యులు కూడా నాడిని, శ్వాసను చూస్తారు. శ్రమించేటప్పుడు మాట్లాడగలుగుతున్నాడా లేడా అని అడిగి తెలుసుకుంటారు.

ఆరోగ్యాన్ని నిలిపేవి ముఖ్యంగా మూడు అని ఆయన బోధ. అవి వ్యాయామం, ఆహారం, నిద్ర. వీటిలో వ్యాయామాన్ని మొదట పెట్టినాడు. ఆహారం జీర్ణమైన తరువాత దేహంలో ప్రతిదినం కొంత మిగులు చేరుతుందనీ, దానిని ఔషధాలతో వెడలించడం దేహానికి భారమనీ, వ్యాయామం ఆ పనిని సహజంగా చేస్తుందనీ ఆయన వాదం. ఆ కాలపు దోష సిద్ధాంతపు భాషను నేటి శాస్త్రం అంగీకరించదు. కాని ఫలితాన్ని గూర్చి ఆయన చెప్పినది నేటికీ చెల్లుబాటు అవుతున్నది. వ్యాయామం కీళ్ళను సులువు చేస్తుంది, స్నాయువులను బలపరుస్తుంది, అవయవాలను పనికి సిద్ధం చేస్తుంది. వ్యాయామం మానివేసినవారు క్రమంగా క్షీణించిపోతారనీ, కదలిక లేనందున అవయవాల బలం సడలిపోతుందనీ ఆయన హెచ్చరించినాడు. మంచంపట్టిన రోగి కండలు కరగడాన్ని చూసిన ఏ ఫిజియోథెరపిస్టైనా ఈ మాటకు తల ఊపుతాడు.

ఇక కొలత విషయం. వ్యాయామం ఎంతవరకు చేయవలెనన్న ప్రశ్నకు ఆయన గడియారం చూపలేదు, మనిషినే చూపినాడు. మూడు గుర్తులు చెప్పినాడు. మొదటిది దేహపు వన్నె. అది కళకళలాడుతున్నంతసేపు కొనసాగించవచ్చు. రెండవది కదలికలోని తేలికదనం. అది తగ్గి బరువు తోచినప్పుడు ఆపవలెను. మూడవది అవయవాల నిండుదనం. అది పెరుగుతున్నంతవరకు మంచిదే, తగ్గుముఖం పట్టితే చాలించవలెను. మన దేశపు సుశ్రుత సంహిత కూడా మనిషి తన బలంలో సగం మేరకే వ్యాయామం చేయవలెనని శాసించినది. గ్రీకు వైద్యుడు గాలెన్ క్రీస్తు శకం రెండవ శతాబ్దంలోనే వ్యాయామాన్ని వివరంగా చర్చించినాడు. ఇబ్నె సీనా ఆ పూర్వుల సంపదను తీసుకొని వరుసలో కూర్చి, తన అనుభవాన్ని చేర్చి, వైద్యుడు చేతపట్టి వాడుకోగల నియమావళిగా చేసినాడు. శాస్త్రంలో ఇది సామాన్యమైన పని కాదు.

వ్యాయామాలలోని రకాలను కూడా ఆయన వివరించినాడు. కుస్తీ, పరుగు, వడి నడక, విలువిద్య, గుర్రపు స్వారీ, బరువులెత్తడం వంటివి ఒక జాతి. ఊయలలూగడం, పడవలో ప్రయాణించడం వంటి మెత్తనివి మరొక జాతి. జబ్బు నుండి లేచిన బలహీనునికి ఈ రెండవ జాతి తగునని ఆయన నిర్ణయం. ఇచ్చట విద్యార్థులు నేటి వ్యాయామ చికిత్సలోని మెట్లను జ్ఞాపకం చేసుకోవలెను. రోగి స్వయంగా కదల్చలేని అవయవాన్ని చికిత్సకుడు కదల్చడం మొదటి మెట్టు. చికిత్సకుని సాయంతో రోగి కదల్చడం రెండవ మెట్టు. సాయం లేకుండా తానే కదల్చడం మూడవది. బరువుకో, ఎదురు ఒత్తిడికో ఎదురుగా కదల్చడం నాలుగవది. ఊయల దేహాన్ని ఊపుతుంది, దేహం శ్రమపడదు. పడవ దేహాన్ని మోస్తుంది, దేహం మెల్లగా సర్దుకొంటుంది. పరుగులో దేహమే తనను తాను మోసుకొంటుంది. బరువెత్తడంలో తనతోబాటు మరొకదానిని కూడా మోస్తుంది. మెట్లకు పెట్టిన పేర్లు కొత్తవి కావచ్చును, బలహీనుడు కింది మెట్టు నుండి మొదలుపెట్టవలెనన్న వివేకం పాతదే.

ప్రతి అవయవానికీ దాని దాని వ్యాయామం ఉన్నదని కూడా ఆయన గుర్తించినాడు. రొమ్ముకు, గొంతుకు స్వరమే వ్యాయామం. ఒకసారి మంద్రంగా, ఒకసారి హెచ్చుగా, మార్చి మార్చి పలకడం వలన ఊపిరితిత్తులు, నోరు, నాలుక బలపడతాయన్నాడు. మదరసాలో ఖురాన్ పఠించే పిల్లవానికి, పద్యం ఎత్తుకొని చదివే మా తెలుగు తరగతి విద్యార్థికి ఈ మాట సంతోషం కలిగిస్తుంది. ఏ పని బాగుపడవలెనో ఆ పనినే సాధన చేయవలెనన్న నేటి సూత్రానికి ఇది పూర్వరూపం. మెట్లెక్కడం కష్టమైన వానికి చేతి కసరత్తు నేర్పి లాభం లేదు.

అందరికీ ఒకే వ్యాయామం తగదన్నది ఆయన బోధలో మరొక మెట్టు. వృద్ధులను గూర్చి వ్రాస్తూ, తల తిరుగుడు ఉన్నవానికి తలను వంచి ఊపే కసరత్తులు కూడవనీ, అట్టివానికి నడక వంటి కాళ్ళ వ్యాయామం మేలనీ చెప్పినాడు. కాళ్ళలో వ్యాధి ఉన్నవానికి దేహపు పై భాగంతో చేసే వ్యాయామాలను సూచించినాడు. చెడిన అవయవానికి విశ్రాంతి ఇస్తూనే మిగిలిన దేహాన్ని పడుకోనీయకుండుట దీని సారం. కాలు విరిగిన వానికి కాలు మాత్రమే కదలకూడదు. చేతులు, రొమ్ము, రెండవ కాలు ఏ నేరం చేసినవని వాటిని కూడా మంచానికి కట్టివేయవలెను?

వ్యాయామానికి ముందు, వెనుక చేయవలసిన మర్దనను కూడా ఆయన విడదీసి చెప్పినాడు. ముందు చేసేది అవయవాలను సిద్ధం చేయుటకు, మెల్లగా ఆరంభమై క్రమంగా గట్టిపడవలెను. తరువాత చేసేది అలసటను తీర్చుటకు, మృదువుగా ఉండవలెను. నేటి క్రీడాకారులు ఆటకు ముందు దేహాన్ని వేడెక్కించుకోవడం, ఆట ముగిసిన పిమ్మట మెల్లగా చల్లబరచుకోవడం ఇదే క్రమం. మన తాలింఖానాలలో ఉస్తాద్ నూనె రాసి ఒళ్ళు పట్టడం ఈ సంప్రదాయానికి చుట్టరికమే. అలసటను సైతం ఆయన ఒకే గాటన కట్టలేదు. పుండువలె సలిపేది, లాగివేసినట్లు బిగిసేది, వాచినట్లు వేడి పుట్టించేది అని లక్షణాలను బట్టి వేరుపరచి, ఒక్కొక్కదానికి తగిన ఉపశమనం చెప్పినాడు. కడుపు నిండుగా ఉన్నప్పుడు, ఆకలితో నకనకలాడుతున్నప్పుడు వ్యాయామం కూడదన్నాడు. వేసవిలో పెందలకడనే ముగించుకోవలెనన్నాడు. మా కడప జిల్లా ఎండలు ఎరిగినవారికి ఈ సలహా విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంత చక్కని కొలత వ్రాసిన చేతికి మాత్రం విశ్రాంతి దొరకలేదు. జుర్జాన్ నుండి రయ్ నగరానికి, అక్కడి నుండి హమదాన్‌కు ఆయన ప్రయాణం సాగినది. హమదాన్ ప్రభువు షంసుద్దౌలాకు తీవ్రమైన కడుపు శూల వచ్చినప్పుడు నయం చేసి, ఆయన విశ్వాసం చూరగొని, వజీరు పదవి పొందినాడు. సైనికులు ఆయనపై తిరగబడి ఇల్లు దోచుకున్నారు, ప్రాణం కూడా కోరినారు. నలభై రోజులు ఒక మిత్రుని ఇంట దాగినాడు. ప్రభువుకు శూల మరల రాగా, మరల పిలిపించి క్షమాపణ చెప్పుకొని పదవిని తిరిగి ఇచ్చినాడు. పగలు రాజకార్యం, రాత్రి శిష్యులకు పాఠం. ఒక శిష్యుడు తత్త్వగ్రంథం అష్షిఫా నుండి, మరొకడు ఖానూన్ నుండి వంతులవారీగా చదివేవారు. నిద్ర ఎప్పుడని ఎవరూ అడగలేదు.

షంసుద్దౌలా 1021లో మరణించినాడు. కొత్త ప్రభువు వద్ద పని చేయుటకు ఇష్టపడక ఆయన ఒక ఔషధ వర్తకుని ఇంట దాగి, ఎదుట ఒక్క పుస్తకమైనా లేకుండా, దినానికి యాభై పుటల చొప్పున అష్షిఫాను వ్రాస్తూపోయినాడు. శత్రు ప్రభువుతో ఉత్తరాలు నడుపుతున్నాడన్న నింద మోపి ఆయనను ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు బంధించినారు. ఆ చెరలో కూడా కలం ఆగలేదు. అక్కడ వ్రాసిన వాటిలో ఒకటి కడుపు శూలను గూర్చిన గ్రంథం. తరువాత సూఫీ ఫకీరు వేషంలో, తమ్ముడు, జూజ్జానీ, ఇద్దరు సేవకులు వెంటరాగా ఇస్ఫహాన్ చేరి, అలాఉద్దౌలా ఆస్థానంలో ఆదరం పొందినాడు.

ఇస్ఫహాన్‌లో ఆయనకు కొంత ప్రశాంతత లభించినది. అయినా దేహాన్ని మితిమీరి వాడుకొనే అలవాటు పోలేదు. దేహదారుఢ్యం ఉన్నదన్న ధీమాతో ఆయన దానిని లక్ష్యపెట్టలేదని ప్రియశిష్యుడు జూజ్జానీయే దాచకుండా వ్రాసినాడు. చివరకు ఏ శూలకు ప్రభువులకు చికిత్స చేసినాడో, ఏ శూలను గూర్చి చెరసాలలో గ్రంథం వ్రాసినాడో, ఆ శూలే ఆయనను పట్టుకున్నది. ప్రభువు సైన్యంతో కదలిపోతున్న వేళ తాను వెనుకబడరాదన్న ఆతురతతో ఒక్క రోజులో ఎనిమిది మారులు వస్తి చికిత్స చేసుకున్నాడు. ప్రేగులు పుండ్లుపడినవి. మందు కలిపినవారు పాళ్ళు మించి కలిపినారు. కొంత కోలుకొని లేచి నడిచినాడు, కాని నియమం పాటించక మరల మరల పడిపోయినాడు. అలాఉద్దౌలాతో కలిసి హమదాన్‌కు పోవు దారిలో జబ్బు తిరగబెట్టినది. తన దేహాన్ని నడిపే శక్తి ఇక నడపలేకపోతున్నదని గ్రహించి చికిత్స మానుకున్నాడు. 1037లో, హిజ్రీ 428 రంజాన్ మాసంలో, యాభై ఏడేళ్ళ ప్రాయంలో హమదాన్‌లో కన్నుమూసినాడు. ఆయన సమాధి నేటికీ ఇరాన్ దేశపు ఆ నగరంలో యాత్రాస్థలంగా ఉన్నది.

ఈ ముగింపును దాచిపెట్టి పొగడ్త మాత్రమే వ్రాయడం సులభం. అది చదువరులకు న్యాయం కాదని మేము తలుస్తున్నాము. లోకానికి కొలత చెప్పినవాడు తన విషయంలో కొలత తప్పినాడు. మందు అయినా, శ్రమ అయినా, త్వరగా బాగుపడవలెనన్న తొందరలో ఒకటికి ఎనిమిదింతలు చేస్తే ఔషధమే విషమవుతుందన్న సత్యానికి ఆయన జీవితమే సాక్షి. ఆయన గొప్పతనం దీనివలన తగ్గదు. నియమం తెలిసినంత మాత్రాన నియమం పాటించినట్లు కాదని, తెలివికీ ఆచరణకూ మధ్య ప్రతి మనిషీ ప్రతిదినం దాటవలసిన దూరం ఒకటి ఉన్నదని మనకు తెలుస్తుంది.

ఆయన గ్రంథం మాత్రం ఆయన కంటే దీర్ఘాయువు పొందినది. పన్నెండవ శతాబ్దంలో స్పెయిన్ దేశపు తొలెదో నగరంలో గెరార్డ్ అనే పండితుడు ఖానూన్‌ను లాటిన్ లోనికి అనువదించినాడు. ఐరోపా విశ్వవిద్యాలయాలు పదిహేడవ శతాబ్దం వరకు దానిని పాఠ్యగ్రంథంగా ఉంచుకున్నవి. 1593లో రోము నగరంలో అరబ్బీ మూలమే అచ్చయినది. 1569లో ఇటలీలో మెర్కురియాలె అనే వైద్యుడు వ్యాయామ కళను గూర్చి ప్రత్యేక గ్రంథం ప్రకటించినాడు. 1813లో స్వీడన్ దేశస్థుడు లింగ్ స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాలయం స్థాపించి వైద్య వ్యాయామాలకు ఒక క్రమం కల్పించినాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనిక వైద్యుడు డిలార్మ్, గాయపడిన సైనికుల తొడ కండరాలకు లెక్క ప్రకారం బరువులు పెంచుకుంటూ పోయే పద్ధతిని రూపొందించి 1945లో ప్రకటించినాడు. రోగి పదిమార్లు మాత్రమే ఎత్తగలిగిన బరువే ఆయన కొలత. బలం పెరిగిన కొద్దీ బరువు పెరుగుతుంది. శరీరాన్నే సాక్షిగా పెట్టుకొని మోతాదు నిర్ణయించడమన్న ఆ పాత ఆలోచనే ఇచ్చట అంకెలు తొడుక్కున్నది. మన దేశంలో పోలియో పిల్లల బాధ చూసిన పిమ్మట, 1950వ దశకం ఆరంభంలో బొంబాయిలో ఫిజియోథెరపీ విద్యకు పునాది పడినది.

మన దక్కనులో ఇబ్నె సీనా పేరు పరాయిది కాదు. హైదరాబాదులో చార్మినార్ చెంత నిజామియా యునానీ వైద్యశాల ఉన్నది. మనకు పొరుగున కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ వైద్య కళాశాల ఉన్నది. యునానీ వైద్యంలో మందులతో చేసే చికిత్సతోబాటు ఇలాజ్ బిత్ తద్‌బీర్ అన్న విభాగమొకటి కలదు. వ్యాయామం, మర్దన, స్నానం వంటి ఉపాయాలతో చేసే చికిత్స అది. అందులోని రియాజత్, దల్క్ అన్న మాటలు ఖానూన్ పుటల నుండి సూటిగా వచ్చినవే.

పెన్నా నది చెంత నున్న మా చెన్నూరులోనూ, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలోనూ ఇదివరకు శ్రమ లేని జీవితం అరుదు. చేనేత మగ్గం, పొలం, బండి, బావి, అన్నీ దేహాన్ని వంచినవే. నేడు చదువుకున్నవాడు కుర్చీకి, చదువుకొనే పిల్లవాడు పరీక్ష పుస్తకానికి, ఇద్దరూ చేతిలోని ఫోనుకు కట్టుబడిపోయినారు. కావున ఒకప్పుడు పనితోబాటు ఉచితంగా దొరికిన కదలికను ఇప్పుడు తెలిసి, కొలిచి, సమయం కేటాయించి సంపాదించుకోవలసి వచ్చినది. ఈ సందర్భంలో కళాశాల సంఘం వారికి మాదొక విన్నపం. సిలబస్ మిగిలినదన్న కారణంతో మొట్టమొదట కోత పడేది ఎక్కడైనా వ్యాయామ గంటకే. విద్యకు పేదరికం చేసే హాని అందరికీ కనిపిస్తుంది, విద్యార్థి వెన్నుకు కుర్చీ చేసే హాని ఇరువది ఏళ్ళ తరువాత గాని కనిపించదు. ఆ గంటను చదువులో భాగంగానే కాపాడవలెనని ప్రార్థన.

విద్యార్థి సోదరీసోదరులారా, మీ ఇంట ఎవరికైనా కట్టు విప్పిన నాడు, పక్షవాతం వచ్చిన నాడు, వైద్యుని రెండు ప్రశ్నలు తప్పక అడగండి. ఏ కదలిక ఎప్పుడు మొదలుపెట్టవలెను, ఏ గుర్తు కనిపిస్తే ఆపవలెను. ఆ సమాధానాలను ఒక కాగితంపై వ్రాసుకొని, అవ్వ పక్కన, తాత పక్కన కూర్చుని దినదినం చేయించండి. నొప్పి పుడుతుందని పూర్తిగా మానవద్దు, త్వరగా నయం కావలెనని రెట్టింపు చేయవద్దు. మీరు స్వయంగా తాలింఖానాకు పోయినా, మైదానానికి పోయినా నిన్నటికంటె కొద్దిగా మాత్రమే పెంచండి. ఆ కొద్దిపాటి కొలతే షేఖుర్రయీస్ మనకు విడిచిపోయిన ఆస్తి. ఆయన వ్రాసినదానిని ఆయన కంటె నిష్ఠగా ఆచరించే అవకాశం మనకున్నది, దానిని జారవిడుచుకోరాదని మా మనవి.